డెబ్బై ఏళ్ళు గద్దె మీద: ఎలిజబెత్ రాణి ముందే కొడుక్కి అప్పగించి ఉండాల్సిందా?

గోదారిగట్టు:
2024 జనవరి 14న డెన్మార్క్ రాణి మార్గరెథె గద్దె దిగిపోయారు. 52 ఏళ్ళ కిందట సరిగ్గా అదే తేదీన ఆవిడ రాణి అయ్యారు. నెదర్లాండ్స్‌లో అయితే ఇది మూడు తరాల ఆనవాయితీ. విల్హెల్మినా 1948లో, యూలియానా 1980లో, బియాట్రిక్స్ 2013లో, ముగ్గురు రాణులూ ఓపిక ఉండగానే పిల్లలకి అప్పగించి పక్కకి తప్పుకున్నారు. బ్రిటన్‌లో ఎలిజబెత్ మాత్రం 1952 ఫిబ్రవరి 6 నుంచి 2022 సెప్టెంబరు 8న కన్నుమూసేదాకా వదల్లేదు. డెబ్బై ఏళ్ళ ఏడు నెలలు.

నా మాట సూటిగా చెప్తాను. 2012లో వజ్రోత్సవం అయ్యేసరికి ఆవిడకి 86, ఛార్లెస్‌కి 63. అక్కడితో ఆపి ఉండాల్సింది. మూడేళ్ళప్పుడు వారసుడైన మనిషి డెబ్బై మూడేళ్ళప్పుడు రాజయ్యాడు. పదిహేడు నెలలు తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, క్యాన్సర్ అని ప్రకటన వచ్చింది. కొడుకు జీవితమంతా ఎదురుచూపుల్లోనే గడిచిపోతుంటే తల్లికి కనపడలేదా? చివరిదాకా పట్టుకుని ఉండటాన్నే బాధ్యత అంటే నేను ఒప్పుకోను. వేళకి అప్పగించడం కూడా బాధ్యతే.

అందరూ చెప్పండి. కోహినూర్ సంగతి మాత్రం ఇక్కడ వద్దు, దానికి వేరే చర్చ పెట్టుకుందాం.

ఓరుగల్లు మాస్టారు:
బాబూ, నువ్వు 2012 నుంచి మొదలుపెట్టావు. ఇది 1936 డిసెంబరులో మొదలైన కథ. ఆ నెల 10న ఎనిమిదో ఎడ్వర్డ్, అంటే ఎలిజబెత్‌కి సొంత పెదనాన్న, విడాకులు తీసుకున్న వాలిస్ సింప్సన్‌ని పెళ్ళాడటం కోసం రాజ్యం వదులుకుంటూ సంతకం పెట్టాడు. కిరీటం వచ్చి తమ్ముడి, అంటే ఎలిజబెత్ తండ్రి నెత్తిన పడింది. ఆ తమ్ముడికి నత్తి. నలుగురిలో నోరు విప్పాలంటే నరకం. అయినా యుద్ధకాలమంతా నెట్టుకొచ్చి, 56వ ఏట వెళ్ళిపోయాడు. పెదనాన్న సంతకం పెట్టిన రోజుకి ఎలిజబెత్‌కి పదేళ్ళు. ఒకడు దించుకున్న బరువు ఇంకొకడి భుజాల మీద ఎలా పడిందో సొంత ఇంట్లోనే చూస్తూ పెరిగింది ఆ పిల్ల.

తర్వాత 1947 ఏప్రిల్ 21. ఇరవై ఒకటో పుట్టినరోజున కేప్‌టౌన్ నుంచి రేడియోలో, ఆయుష్షు ఎంతున్నా అంతా మీ సేవకేనని మాటిచ్చింది. అప్పటికింకా రాణి కాదు, పెళ్ళి కూడా కాలేదు. ఇక 1953 జూన్ 2న పట్టాభిషేకం. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో లోకమంతా టీవీలో చూస్తుండగా ఒక్క ఘట్టం మాత్రం చూపించలేదు. నగలూ, పట్టు అంగీ తీసేసి, ఏ అలంకారమూ లేని తెల్లటి గౌనులో కూర్చోబెట్టి, పైన పందిరిలా బంగారు వస్త్రం పట్టుకుని, ఆర్చిబిషప్ చేతులకీ గుండెలకీ తలకీ నూనె రాసి అభిషేకించాడు. నెదర్లాండ్స్‌లో రాజుకి కిరీటం పెట్టరు, పార్లమెంటు ముందు ప్రమాణం చేయిస్తారు. డెన్మార్క్‌లో పట్టాభిషేకం 1849లోనే పోయింది. ఆ రెండు చోట్లా అది రాజ్యాంగం ఇచ్చిన పదవి. ఈవిడ దృష్టిలో మాత్రం దేవుడి ఎదుట పెట్టిన ఒట్టు. ఎనభై ఆరేళ్ళు వచ్చాయని ఒట్టు తీరిపోతుందా?

హైకోర్టు వరండా:
మాస్టారు మనసు సంగతి చెప్పారు, నేను చట్టం సంగతి చెప్తాను. బ్రిటన్‌లో రాజు లేదా రాణి రాజీనామా లేఖ రాసి బయటికి నడవడం కుదరదు. పార్లమెంటు చట్టం చేయాలి. పైగా ఎలిజబెత్ ఒక్క బ్రిటన్‌కే రాణి కాదు. 2012 నాటికి కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, జమైకా, పాపువా న్యూగినియా లాంటివి కలుపుకుని 16 దేశాలకి. 1931 వెస్ట్‌మినిస్టర్ చట్టం తర్వాత ఇవన్నీ వేటికవే వేరు సింహాసనాలు.

వారసత్వ నియమాలు ముట్టుకుంటే ఏమవుతుందో గోదారిగట్టు గారు చెబుతున్న రోజుల్లోనే తేలింది. మగపిల్లాడికి ముందు హక్కు అన్న పాత పద్ధతి తీసేద్దామని 2011 అక్టోబరులో పెర్త్‌లో 16 దేశాల ప్రధానులూ ఒప్పుకున్నారు. ఎవరికీ అభ్యంతరం లేని మార్పు అది. అమల్లోకి వచ్చింది 2015 మార్చి 26న. కెనడాలో అయితే కోర్టు దాకా వెళ్ళింది. ఎవరికీ ఇబ్బంది లేని విషయానికే మూడున్నరేళ్ళు పడితే, రాణి దిగిపోతానంటే ఎన్ని దేశాల్లో 'అసలు మనకి ఈ రాచరికం ఎందుకు' అన్న చర్చ లేస్తుందో ఊహించుకోండి.

గోదారిగట్టు:
లాయరు గారూ, 1936లో ఎన్నాళ్ళు పట్టింది? 10న సంతకం, 11న చట్టం. ఇరవై నాలుగు గంటలు చాలింది. కావాలనుకుంటే దారి దొరుకుతుంది. ప్రధానులు పెర్త్‌లో అన్నీ ఒప్పుకుంటున్నప్పుడు ఇదొక్కటి కూడా కలిపితే 2015కల్లా పూర్తయ్యేది, ఛార్లెస్‌కి అప్పుడు 66.

హైకోర్టు వరండా:
1936లో ఇరవై నాలుగు గంటలు చాలింది లండన్‌కి. ఐర్లండ్ తన చట్టం తాను చేసుకుంది, అక్కడ రాజు మారింది 12న. దక్షిణాఫ్రికా మాత్రం 10వ తేదీనే మారినట్టు తన చట్టంలో రాసుకుంది. ఒకే రాజు మూడు దేశాల్లో మూడు తేదీల్లో దిగిపోయాడన్నమాట. అప్పట్లో అరడజను దేశాలతోనే అంత చిక్కు.

నైట్‌డ్యూటీ:
నేను ఇంగ్లండ్‌లో నర్సుని, ముసలివాళ్ళ వార్డులో పనిచేస్తాను. ఒట్టూ చట్టమూ పక్కన పెట్టి, ఆ పని చేసిన మనిషి గురించి మాట్లాడాలనిపించింది.

2022 సెప్టెంబరు 6న బాల్మోరల్‌లో లిజ్ ట్రస్‌ని ప్రధానిగా నియమించిన ఫోటో చూశారా? చర్చిల్‌తో మొదలుపెడితే ఎలిజబెత్‌కి ట్రస్ పదిహేనో ప్రధాని. వెనక పొయ్యిలో మంట. రాణి ఒంటి మీద బూడిదరంగు కార్డిగన్, గళ్ళ స్కర్టు, ఎడమ చేతిలో కర్ర. చాచిన కుడిచెయ్యి వెనకవైపంతా నల్లగా కమిలిపోయి ఉంది. మా వార్డులో అలాంటి చేతులు రోజూ చూస్తాను. ఆ చేతులవాళ్ళని లేపి నిలబెట్టాలంటేనే ఇద్దరం పట్టుకుంటాం. ఆవిడ నిలబడే ఉన్నారు, నవ్వుతున్నారు. రెండు రోజులకి పోయారు.

దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఇక్కడ చాలామంది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఒక దేశానికి ప్రధాని మారాలంటే 96 ఏళ్ళ మనిషి లేచి నిలబడక తప్పని ఏర్పాటు ఏం ఏర్పాటు? ఏడాది ముందు, 2021 ఏప్రిల్ 9న భర్త పోయారు. నాలుగో రోజున ఆవిడ మళ్ళీ విధుల్లో ఉన్నారు, రాజభవనంలో ఒక పెద్ద అధికారి పదవీ విరమణ కార్యక్రమంలో. మన ఇళ్ళలో పదకొండో రోజు దాకా మనిషిని గడప దాటనివ్వం. 73 ఏళ్ళ కాపురం ముగిసినా ఆవిడకి ఆపాటి తీరిక దొరకలేదు. తప్పుకుని ఉంటే కనీసం ఏడవడానికి టైమ్ దొరికేది.

ఓరుగల్లు మాస్టారు:
అమ్మా, నీ కోపం అర్థమైంది. కానీ ఆ పని ఆవిడ మీద ఎవరూ రుద్దలేదు.  తానే చేస్తానంది. పెద్దవయసు వాళ్ళకి విశ్రాంతి ఇస్తున్నామనుకుని చేతిలో పని లాక్కోవడం కూడా కష్టపెట్టడమే, అది నీకు నాకన్నా బాగా తెలుసు.

కోపెన్‌హాగన్ కబుర్లు:
డెన్మార్క్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఇక్కడ ఉంటున్నవాడిగా రెండు మాటలు. మార్గరెథె కూడా ఏళ్ళ తరబడి చివరిదాకా ఉంటాననే అన్నారు. 2023 ఫిబ్రవరిలో వెన్నెముకకి పెద్ద ఆపరేషన్ అయ్యాక మనసు మారింది. డిసెంబరు 31 రాత్రి, ఏటా ఇచ్చే టీవీ ప్రసంగంలో, రెండు వారాల్లో దిగిపోతున్నానని చెప్పేశారు. దేశం మొత్తం నోరెళ్ళబెట్టింది. జనవరి 14న క్రిస్టియన్స్‌బోర్గ్‌లో మంత్రిమండలి సమావేశం, బల్ల దగ్గర ఒక సంతకం. వెంటనే తాను కూర్చున్న ప్రధాన కుర్చీలోంచి లేచి, దాన్ని కొడుక్కి చూపించి, 'దేవుడు రాజుని కాపాడుగాక' అని కర్ర పట్టుకుని బయటికి నడిచారు. కాసేపటికి బాల్కనీలో ప్రధాని మెట్టె ఫ్రెడరిక్‌సెన్ కొత్త రాజు పేరు ప్రకటించారు.

నేను చెప్పాలనుకున్నది దీనికి ముందు జరిగిన సంగతి. 2022లో, దిగిపోవడానికి ఏడాదింబావు ముందు, రెండో కొడుకు యోకిమ్ పిల్లలు నలుగురికీ యువరాజు, యువరాణి బిరుదులు తీసేస్తున్నట్టు ప్రకటించారు. కొడుకు బహిరంగంగా బాధపడ్డాడు. ఆవిడ కూడా ఒక తల్లిగా, నానమ్మగా విచారం చెప్పుకున్నారు, నిర్ణయం మాత్రం మార్చలేదు. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టే పని కొత్త రాజుకి వదలకుండా తన మీదే వేసుకుని వెళ్ళారని నేననుకుంటాను.

ఎలిజబెత్ దగ్గర నాకు లోటు కనిపించేది అక్కడే. రెండో కొడుకు ఆండ్రూ విషయం. 2019 నవంబరులో, ఎప్‌స్టీన్ అనే లైంగిక నేరస్తుడితో స్నేహం గురించి ఇచ్చిన ఆ టీవీ ఇంటర్వ్యూ తర్వాత ఆయన విధుల నుంచి తప్పుకున్నాడు. 2022 జనవరిలో సైనిక హోదాలు, సంస్థల పోషక పదవులు వెనక్కి తీసుకున్నారు. అంతవరకూ రాణి. రెండు నెలలకే, మార్చి 29న, ఫిలిప్ సంస్మరణ ప్రార్థనకి ఆబీలోకి ఎవరి చెయ్యి పట్టుకుని వచ్చారు? ఆండ్రూ చెయ్యే. ప్రిన్స్ బిరుదు అలాగే ఉంది. అది తీసేయడం 2025 అక్టోబరులో తమ్ముడికి అన్న చేయాల్సి వచ్చింది, అదీ చికిత్స నడుస్తున్న రోజుల్లో. గద్దెతో పాటు తేలని ఇంటి గొడవ కూడా కొడుక్కి వదిలేసి వెళ్ళారు.

అమ్మమ్మగారి పెరడు:
కోపెన్‌హాగన్ తమ్ముడూ, ఆబీలో ఆ నడక నాకూ గుర్తుంది. నాకు వేరేలా కనిపించింది. మిగతా జీవితమంతా రాణిగా నడిచిన మనిషి ఆ ఒక్కరోజు తల్లిగా నడిచారు. అది సరైన పనని అనను. ఆండ్రూ మీద ఆరోపణ చేసిన అమ్మాయి ఆ దృశ్యం చూసి ఉంటే ఎలా ఉండేదో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

పెద్ద పిల్లలిద్దరికీ దొరకని తల్లి చిన్నవాళ్ళకి దొరికింది. 1953 నవంబరులో రాణీ ఫిలిప్పూ కామన్వెల్త్ యాత్రకి బయల్దేరారు. ఛార్లెస్‌కి అప్పుడే ఐదు నిండాయి, ఆన్‌కి మూడు. పిల్లల్ని వదిలేసి ఆర్నెల్లు తిరిగారు. బెర్ముడా, జమైకా, ఫిజీ, టోంగా, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, సిలోన్. చివర్లో పిల్లల్ని కొత్త ఓడ బ్రిటానియాలో లిబియాలోని తోబ్రుక్ రేవుకి పంపిస్తే అక్కడ కలుసుకున్నారు. ఐదు నెలలు దాటాక! ఆండ్రూ పుట్టింది 1960లో, ఎడ్వర్డ్ 1964లో. ఆ రెండు గర్భాలప్పుడే, 1959లోనూ 1963లోనూ, పార్లమెంటు ప్రారంభానికి వెళ్ళలేదు. తర్వాత మళ్ళీ మానింది 2022లోనే. అప్పటికి పని చేతికి అలవాటైంది, చిన్నపిల్లలకి కాస్త సమయం మిగిలింది.

భర్త సంగతి చూడండి. 1952లో గద్దె ఎక్కగానే చర్చిల్ మంత్రివర్గం సలహా మీద, వంశం పేరు విండ్సర్‌గానే ఉంటుందని ప్రకటించారు. సొంత పిల్లలకి ఇంటిపేరు ఇవ్వలేని మగాడు దేశం మొత్తం మీద తానొక్కడినేనని ఫిలిప్ రగిలిపోయాడు. ఎనిమిదేళ్ళకి, 1960 ఫిబ్రవరిలో, ఆండ్రూ పుట్టడానికి పదకొండు రోజుల ముందు, ఫిలిప్ ఇంటిపేరు చేర్చి మౌంట్‌బాటన్-విండ్సర్ అని కలిపారు. రాణి చెల్లెలు మార్గరెట్ తాను ప్రేమించిన టౌన్‌సెండ్‌ని పెళ్ళి చేసుకోనని 1955 అక్టోబరు 31న ప్రకటించింది, అతను విడాకులు తీసుకున్నవాడు కాబట్టి. గోదారిగట్టు అన్నయ్యా, నువ్వు ఛార్లెస్ ఒక్కడి ఎదురుచూపే చూస్తున్నావు. ఆ ఇంట్లో కిరీటం కోసం ఏదో ఒకటి వదులుకోనివాళ్ళు లేరు. 2012లో దిగిపోతే ఆ పోయినవేవీ తిరిగి వచ్చేవి కావు. ఇవ్వాల్సిందంతా అప్పటికే ఇచ్చేశారు.

బొల్లారం బజార్:
పెళ్ళిరోజు కూడా ఎలా గడిచేదో మా ఊరే సాక్ష్యం. 1983 నవంబరులో కామన్వెల్త్ సమావేశాలకి ఢిల్లీ వచ్చినప్పుడు రాణీ ఫిలిప్పూ హైదరాబాద్ కూడా వచ్చారు. 20వ తేదీ ఆదివారం, వాళ్ళ 36వ పెళ్ళిరోజు. మా బొల్లారం హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకి వచ్చారు. ఇప్పటికీ చర్చివాళ్ళు వచ్చినవాళ్ళకి ఆ సంగతి చెప్తారు. పెళ్ళిరోజు కూడా అధికార పర్యటనలో ఒక భాగమే వాళ్ళకి.

ఎర్రమట్టి:
అందరూ ఆవిడ దిగాలా వద్దా అంటున్నారు. ఇంకో వైపు చూడండి. రాచరికం నిలబడేది పుట్టుకతో వచ్చిందీ, చావుతోనే పోయేదీ అన్న ఒక్క మాట మీద. రాణి ఇష్టపడి దిగొచ్చు అంటే, ఇష్టపడి ఎక్కొచ్చు అని కూడా అర్థం. ఇష్టం అన్నాక ఎవరి ఇష్టం, జనం ఇష్టం ఎందుకు కాదు అన్న ప్రశ్న వస్తుంది. ఆవిడ దిగకపోవడం తెలివైన పని, ఆ వ్యవస్థ కోసమే చేసిన పని. నేను ఆ వ్యవస్థే వద్దనేవాణ్ణి, కాబట్టి దిగి ఉంటే బాగుండేదనే అంటాను. 2021 నవంబరులో బార్బడోస్ తనంతట తాను గణతంత్రమైంది. ఇంకా కొన్ని అదే దారి పట్టేవి.

ఓరుగల్లు మాస్టారు:
ఎర్రమట్టి చెప్పినదాన్ని నేను గౌరవిస్తాను, సూటిగా ఉంది. అయితే ఒకే మనిషి అంతకాలం ఉండటంలో వ్యవస్థకి కాకుండా మామూలు జనానికి ఏం ఒరిగిందో ఒక్క ఉదాహరణ చెప్పనివ్వండి.

1966 అక్టోబరు 21. వేల్స్‌లో అబెర్‌ఫాన్ అనే బొగ్గుగని ఊరు. కొండమీద పోసిన గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. రాణి ఎనిమిది రోజుల దాకా వెళ్ళలేదు. ఆ ఆలస్యం ఆవిడ జీవితమంతా మోసిన బాధ అంటారు. కానీ ఆ ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు, 1973లో, 1997లో, 2012లో. మొదటిసారి బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని చూసిన మనిషే నలభై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి వాళ్ళనే పలకరించింది. ఐదేళ్ళకో ప్రధాని మారేచోట అలా గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్ళు ఇంకెవరు ఉంటారు? గోదారిగట్టు చెప్పిన వజ్రోత్సవం ఏడాదే ఆవిడ నాలుగోసారి వెళ్ళింది.

గోదారిగట్టు:
మాస్టారూ, అబెర్‌ఫాన్ మాట మనసుకి తగిలింది. అయితే పలకరించడానికి కిరీటం అక్కర్లేదు కదా. బియాట్రిక్స్ దిగిపోయాక కూడా జనంలోకి వస్తూనే ఉన్నారు.

ఇంకో దారి కూడా ఉంది. 2017 ఆగస్టులో, 96 ఏళ్ళ వయసులో ఫిలిప్ విధుల నుంచి విరమించుకున్నాడు. అప్పటికి సొంతంగా 22,219 కార్యక్రమాలు చేసిన మనిషి. సాండ్రింగ్‌హామ్‌లో ఒక ఫామ్‌హౌస్‌కి వెళ్ళి పుస్తకాలు చదువుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ ఉన్నాడు. ఈవిడకి 91. రాణిగా ఉంటూనే ఛార్లెస్‌ని రీజెంట్‌గా, అంటే తన బదులు విధులు చూసేవాడిగా పెట్టి ఆయనతో పాటు వెళ్ళి ఉండొచ్చు. ఒట్టు చెక్కుచెదరదు, పదహారు దేశాల్లో వారసత్వ చట్టం ముట్టుకోనక్కర్లేదు. భార్యాభర్తలకి చివరి నాలుగేళ్ళు కలిసి దొరికేవి.

హైకోర్టు వరండా:
1937 రీజెన్సీ చట్టం ప్రకారం, రాణి శరీరం గానీ మనసు గానీ విధులు నిర్వర్తించలేని స్థితిలో ఉందని రాతపూర్వకంగా తేలాలి. వైద్యుల సాక్ష్యం ఉండాలి. తేల్చాల్సింది ఐదుగురిలో కనీసం ముగ్గురు: లార్డ్ ఛాన్సలర్, కామన్స్ స్పీకర్, లార్డ్ చీఫ్ జస్టిస్, మాస్టర్ ఆఫ్ ది రోల్స్, ఐదోవాడు రాణి భర్త. 2017లో ఆవిడ క్రిస్మస్, ఈస్టర్ తప్పిస్తే రోజూ ఎర్రపెట్టెల్లో వచ్చే కాగితాలు చదువుతోంది, వారానికోసారి ప్రధానిని కలుస్తోంది. ఆ మనిషి చేతకానిదని ఎవరు సంతకం పెడతారు? ఫిలిప్ పెడతాడా? విశ్రాంతి కోసం రీజెన్సీ అనే వీలు ఆ చట్టంలో లేదు.

దాని బదులు ఆవిడ చేసింది ముక్కలు ముక్కలుగా అప్పగించడం. 2015లో మాల్టా వెళ్ళొచ్చాక విదేశీ పర్యటనలు ఆపేశారు. 2017 నవంబరులో యుద్ధవీరుల స్మారకం దగ్గర తన పుష్పగుచ్ఛం ఛార్లెస్‌తో పెట్టించి తాను బాల్కనీలో నిలబడ్డారు. 2018 ఏప్రిల్‌లో కామన్వెల్త్ అధినేతల్ని అడిగి మరీ తర్వాతి పెద్దగా కొడుకుని ఒప్పించారు. 2022 ఫిబ్రవరిలో ఛార్లెస్ భార్య కామిల్లా రాణి అనిపించుకోవాలన్న తన కోరిక చెప్పి ఆ తగువు తీర్చారు. మే 10న పార్లమెంటు ప్రారంభించే అధికారం ఛార్లెస్‌కీ విలియమ్‌కీ రాసిచ్చారు. ఛార్లెస్ ప్రసంగం చదువుతుంటే కిరీటం ఆయన దగ్గరే కుషన్ మీద ఉంది, తల మీద లేదు. 'నా ప్రభుత్వం' అనాల్సిన చోట 'మహారాణి గారి ప్రభుత్వం' అని చదివాడు. వారసుడు పని మొత్తం నేర్చుకున్నాడు, పేరొక్కటే మిగిలింది.

నైట్‌డ్యూటీ:
లాయరు గారూ, మీరు చెప్పిన ఆ మే 10వ తేదీ తర్వాత కూడా నాలుగు నెలలకి ఆవిడే కర్ర పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అన్నీ ముక్కలుగా ఇచ్చి, ఒంటికి కష్టమైన ముక్క మాత్రం దగ్గర పెట్టుకున్నారు. ఆవిడే కోరుకున్నారని మాస్టారు అంటున్నారు, సరే. కోరుకున్నా వద్దని చెప్పే వీలు చుట్టూ ఉన్నవాళ్ళకి ఉండాలి. చట్టంలో అది లేదంటే చట్టమే మార్చుకోవాలి. ఆవిడ పోయాక మూడు నెలలకి, 2022 డిసెంబరులో, రాజు తరఫున విధులు చేయగలవాళ్ళ జాబితాలో ఆన్‌నీ ఎడ్వర్డ్‌నీ చేరుస్తూ చట్టం చేశారు. కావాలనుకుంటే మారుతుందన్నమాట.

హైకోర్టు వరండా:
అది నిజమే. కానీ ఆ చట్టం కూడా సాయం చేసేవాళ్ళని పెంచింది తప్ప విరమణ అన్న మాట ఎత్తలేదు. ఛార్లెస్ కూడా చికిత్స తీసుకుంటూనే ఎర్రపెట్టెలు చూస్తున్నాడు. ప్రధానిని వారం వారం కలవడం ఆయన కూడా మానలేదు.

గోదారిగట్టు:
అందుకే అడుగుతున్నాను. తల్లి దిగి ఉంటే కొడుక్కీ దిగే దారి తెరుచుకునేది. ఇప్పుడు విలియమ్‌కి నలభై దాటాయి, పిల్లలు చిన్నవాళ్ళు. రేపు ఛార్లెస్ తప్పుకోవాలనుకున్నా, 'అమ్మ చేయలేదు, నువ్వెలా చేస్తావు' అనే మాట ముందు వస్తుంది. నా అభిప్రాయం అదే, 2012.

ఓరుగల్లు మాస్టారు:
నాది 1953. విలియమ్ విషయం మీద వేరే చర్చ తెరువు బాబూ, అక్కడికి వస్తాను.